కట్టు అనే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో పెద్దవాళ్లు జంపఖానాలు నేశారు, నేను పిల్లలకు తెలుగు చెప్తాను. పదిహేనేళ్లుగా చూస్తున్నా, ఒక్క మాట మీద మాత్రం సందేహాలు ఆగడం లేదు, అది "కట్టు". ఇంటర్ పిల్లలు అడుగుతారు, హైదరాబాద్‌లో పెరిగిన మా మేనకోడలు అడుగుతుంది, బ్యాంకు ఉద్యోగానికి బీహార్ నుంచి వచ్చి తెలుగు నేర్చుకుంటున్న మా పక్కింటి తమ్ముడైతే వారానికో కొత్త వాడుక పట్టుకొచ్చి "అన్నా, ఇది కూడా కట్టుడేనా?" అంటాడు. చెప్పిందే మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

కట్టు అంటే అసలు అర్థం ఏమిటి?

జారిపోయేదాన్ని, చెదిరిపోయేదాన్ని, పారిపోయేదాన్ని ఒకచోట నిలిపి ఉంచడం. ఆవును గుంజకు కడితే పక్క చేనులో పడదు. బియ్యం మూట కడితే ఒలికిపోవు. తాడో దారమో బట్టో చుట్టి ముడి వేయడం అన్నది దానికి అందరికీ తెలిసిన రూపం, కానీ మాటకు ప్రాణం తాడులో లేదు, నిలపడంలో ఉంది. ఇది ఒక్కటి మనసులో పెట్టుకుంటే నిఘంటువులో కనిపించే ఇరవై ముప్పై అర్థాలు చూసి భయపడాల్సిన అవసరం ఉండదు.

ఇల్లు కట్టుడు, చీర కట్టుడు, ఫీజు కట్టుడు... అన్నీ ఒకే మాటా, వేర్వేరు మాటలు ఒకేలా వినపడుతున్నాయా?

ఒకే మాట. తమిళంలోనూ కన్నడంలోనూ కూడా ఇదే క్రియతో తాళి కడతారు, ఇల్లు కడతారు, డబ్బు కడతారు. మూడు భాషలూ విడివిడిగా ఒకే రకమైన పొరపాటు చేయవు కదా, అంటే ఈ అర్థాలన్నీ ఒకే వేరు నుంచి పెరిగినవే.

తాడు కట్టడానికీ ఇల్లు కట్టడానికీ ఏం సంబంధం? ఇల్లు కట్టేది ఇటుకా సిమెంటుతో కదా?

ఇప్పటి ఇంటిని చూస్తే ఈ సందేహం రావడం న్యాయమే. గుడిసెను గుర్తు చేసుకోండి. నాలుగు గుంజలు పాతి, పైన వాసాలు పరిచి, నారతోనో తాడుతోనో బిగించి కట్టి, ఆ పైన గడ్డి కప్పుతారు. అక్కడ ఇల్లు నిజంగానే కట్టిందే. పెండ్లి పందిరి ఈనాటికీ అలాగే లేస్తుంది. గోడ మట్టితో లేచినా, రాయితో లేచినా, స్లాబు పడినా మాట మారలేదు, ఎందుకంటే విడివిడిగా ఉన్న వాటిని ఒకటిగా పట్టి నిలిపే పని మారలేదు. మా తాత ఇంటి వాసాలకు కట్టిన పాత తాళ్లను నేను చిన్నప్పుడు కింద పడుకొని చూసేవాణ్ని, ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ముందు అవే కళ్ల ముందుకు వస్తాయి.

ఫీజు కట్టాలి అంటాం. మరి కూరగాయలకు పైసలు కట్టాలి అని ఎందుకు అనం?

మంచి ప్రశ్న, చాలామంది పుట్టు తెలుగువాళ్లు కూడా దీన్ని గమనించరు. అంగట్లో వంకాయలు కొంటే పైసలు "ఇస్తాం". కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను, చిట్టి, బ్యాంకు కిస్తీ, అప్పు మీద మిత్తి, ఇవన్నీ "కడతాం". ముందే ఇంత అని తేలిపోయి, గడువులోగా తీర్చి తీరాల్సిన బాధ్యత ఉన్నచోట కట్టు వస్తుంది. అప్పటికప్పుడు ఇచ్చి పుచ్చుకునేచోట రాదు. ఎవరిదైనా వస్తువు పగలగొడితే "కట్టియ్యి" అంటాం, అక్కడా తీర్చాల్సిన బాధ్యతే. పందెం కట్టడం, మన దగ్గర షర్తు కట్టడం కూడా అంతే: ఓడితే ఇచ్చి తీరతానని మాటకు కట్టుబడటం. "చెల్లించు" అనేది ఇదే పనికి కాగితాల మీద రాసే మాట.

కట్టు, ముడి, బిగించు, ఈ మూడింటికీ తేడా?

ముడి అంటే తాడు కొసలు కలిసేచోట పడేది. కట్టు అంటే మొత్తం పని. బిగించడం అంటే వదులు లేకుండా చేయడం, అందుకే నట్టూ బోల్టూ బిగిస్తాం కానీ కట్టం. పుస్తె కట్టేటప్పుడు మూడూ ఒకేచోట ఉంటాయి.

రక్తం గడ్డ కట్టింది, పాల మీద మీగడ కట్టింది అంటారు. ఎవరు కట్టారు?

ఎవరూ కట్టలేదు, అదే తమాషా. పలచగా ఉన్నది తనంతట తానే చిక్కబడి ఒక ఆకారంలో నిలిచిపోతే అక్కడా కట్టే వాడతాం. ఇక్కడ "పట్టు"తో పోల్చి చూడండి. ఇనుముకు తుప్పు పడుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, పచ్చడికి బూజు పడుతుంది, మనిషికి జలుబు పడుతుంది. ఇవన్నీ బయటి నుంచి వచ్చి అంటుకొని పీడించేవి. మీగడ మాత్రం పాలలోనిదే, గడ్డ రక్తంలోనిదే. లోపలిది గట్టిపడితే కట్టు, పైనుంచి వచ్చి అంటుకుంటే పట్టు. ప్రతి వాడుకకూ ఇది గీత గీసినట్టు వర్తించదు గానీ చాలా దూరం దారి చూపిస్తుంది.

## ఇంట్లో, ఊళ్లో వినేవి

ఆడవాళ్లు "కట్టుకున్నోడు" అంటారు. తాళి కట్టేది మగవాడు కదా, మరి అర్థం ఎలా కుదురుతుంది?

"కట్టుకున్నోడు" అంటే నన్ను తనకు కట్టుకున్నవాడు. ఆ "కొను" చేరడం వల్ల, చేసిన పని తనకోసం అన్న అర్థం వస్తుంది. వండడం వేరు, వండుకోవడం వేరు, అలాగే కట్టడం, కట్టుకోవడం. మన దిక్కు పుస్తె కట్టుడు అంటారు, లగ్గంలో ఆ ఘడియనే అసలుది. కానీ కాలం గడిచేకొద్దీ మాట రెండు వైపులా నడిచింది. "వాణ్ని కట్టుకున్నంక నాకేం సుఖముంది" అని మా వాడకట్టు పెద్దమ్మ అనేది. అక్కడ కట్టుకున్నది ఆమే. కాబట్టి భార్యాభర్తలు ఇద్దరూ వాడుకోవచ్చు, తప్పు లేదు.

వాడకట్టు అంటే ఏమిటి? అందులోని కట్టు ఇదేనా?

వాడ అంటే పేట. వాడకట్టు అంటే ఒక వాడగా కూడి ఉన్న ఇళ్లు, ఆ ఇళ్లలోని మనుషులు. "మా వాడకట్టోళ్లు" అంటే మా పేటవాళ్లు. బతుకమ్మ ఆడేది, బోనాలు తీసేది, ఎవరింట్లోనైనా చావైతే ముందు చేరేది వాడకట్టే. ఇళ్లను కలిపి చూసే ఈ మాట తెలంగాణలో ఇంకా బతికి ఉండటం నాకు చాలా ఇష్టం.

స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తే కూడా "సద్ది కట్టింది" అనడం ఎందుకు?

ఒకప్పుడు సద్దిని బట్టలోనే మూట కట్టి చేనుకు తీసుకుపోయేవాళ్లు. బట్ట పోయి డబ్బా వచ్చింది, మాట పోలేదు. హోటల్లో "పార్సల్ కట్టండి" అన్నా అదే. వస్తువు మారినా క్రియ నిలిచిపోవడం భాషలో మామూలే.

పొలానికి నీళ్లు కట్టుడు అంటే? నీళ్లను ఎలా కడతారు?

నీటిని తాడుతో కట్టలేం, మట్టితో కట్టగలం. కాలువలో వచ్చే నీళ్లు ఏ మడికి కావాలో అక్కడ గండి తీసి, మిగతా దారికి ఒక పార మట్టి అడ్డం వేస్తారు. ఆ మడి తడిశాక ఇక్కడ మూసి అవతల తీస్తారు. ఇలా నీటిని ఒక మడికి మళ్లించి నిలపడమే నీళ్లు కట్టడం. "మక్కకు నీళ్లు కట్టొస్తా" అని రాత్రి కరెంటు కోసం ఎదురుచూసి టార్చిలైటు పట్టుకొని పోయిన రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. ఊరి చెరువు కింద ఎవరికి ఎప్పుడు నీరు వదలాలో చూసే మనిషిని నీరటి అంటారు.

కట్టమైసమ్మలో కట్ట ఏమిటి?

చెరువు కట్ట. కట్టు అనే క్రియ నుంచి వచ్చిన నామవాచకమే కట్ట, అంటే మట్టినీ రాళ్లనూ పేర్చి నీటిని కట్టేసేది. ఆ కట్ట మీద కొలువై దాన్ని కాచే తల్లి కాబట్టి కట్టమైసమ్మ. తెలంగాణలో పెద్ద చెరువు ఉన్నచోటల్లా ఆమె గుడి కనపడుతుంది, ఒక్కోచోట గుడి కూడా ఉండదు, బొట్టు పెట్టిన రాయి ఒకటి వేపచెట్టు కింద ఉంటుంది. ఎందుకు ఇంత భక్తి అంటే, కట్ట తెగితే ఆ ఏడు పంట ఒక్కటే కాదు, ఊరే పోతుంది. కాకతీయుల పాలన నిలబడింది ఈ కట్టల మీదనే అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. గణపతిదేవుడి కాలంలో పాఖాల చెరువు వచ్చింది, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు, దాని పక్కనే రామప్ప చెరువుంది, బయ్యారం చెరువును గణపతిదేవుడి చెల్లెలు మైలమ కట్టించింది. గుడి కట్టించినా చెరువు కట్టించినా తెలుగులో క్రియ ఒక్కటే అన్నది గమనించండి. నీళ్లు ఎక్కువైతే కట్ట తెగకుండా బయటికి పోయే దారిని మనం మత్తడి అంటాం, కొన్ని ఊళ్లలో అలుగు అంటారు.

కట్ట అంటే ఎన్ని? కొత్తిమీర కట్టకు ఒక లెక్క ఉండదు కదా?

కొత్తిమీరకు, తోటకూరకు లెక్క లేదు, అమ్మే చేతిని బట్టి ఉంటుంది. కానీ పని చేసి కూలి తీసుకునేచోట కట్టకు కచ్చితమైన లెక్క ఉంది. ఎండాకాలంలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల్లో తునికాకు ఏరేవాళ్లకు 50 ఆకులు ఒక కట్ట, నారతో కట్టి కల్లానికి తెస్తారు, 1000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఆ ఆకే బీడీగా మారి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలోకి వస్తుంది, అక్కడ 25 బీడీలు ఒక కట్ట, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, అంటే 40 కట్టలు. ఒక ఆడమనిషి రోజంతా వంగి కూర్చొని చుట్టిన పని ఆ మాటలో లెక్కగా ఉంటుంది. తల మీద ఎత్తుకునేంత పెద్దదైతే అది కట్ట కాదు, మోపు: గడ్డి మోపు, కట్టెల మోపు.

మొక్కుల్లో ఎక్కడ కట్టు వస్తుంది? బతుకమ్మ కట్టారు అనవచ్చా?

అనకూడదు. బతుకమ్మను పేరుస్తారు. బోనం ఎత్తుతారు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నకు పట్నం, అంటే రంగుల ముగ్గు, వేస్తారు. ఏ మొక్కుకు ఏ క్రియ అన్నది మన దగ్గర గట్టిగా ఉంటుంది, తప్పు క్రియ వాడితే పెద్దవాళ్లు వెంటనే దిద్దుతారు. కట్టు వచ్చేది ముడుపుకు, కంకణానికి, తోరణానికి. అన్నింటికంటే నాకు నచ్చేది వేములవాడ రాజన్న దగ్గర కోడె మొక్కు, కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి తెచ్చి కట్టేస్తారు, దాన్ని కోడె కట్టుడు అంటారు. పిల్లలు పుట్టాలనో, జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవాళ్లు ఆ తాడు పట్టుకొని నడుస్తుంటే చూడాలి.

పప్పుకట్టులో ఎవరు దేన్ని కట్టారు?

ఇక్కడ కట్టు అంటే ఉడికిన పప్పు మీద నుంచి వంచిన చిక్కటి నీళ్లు. పండుగకు పోలెలు చేసిన రోజు శనగపప్పు ఉడికించిన నీళ్లు పారబోయకుండా చింతపులుసు పోసి తాలింపు పెడితే కట్టుచారు. పోలెల కంటే మా ఇంట్లో దానికే గిరాకీ.

కట్లపాము పేరు ఎలా వచ్చింది?

నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు వరుసగా కట్లు కట్టినట్టు ఉంటాయి, అందుకే ఆ పేరు. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన బంగారస్ అనే పేరు కూడా తెలుగు "బంగారు" నుంచి వెళ్లిందే. మాట దగ్గర ఆగకుండా ఒక సంగతి చెప్పాలి: ఇది ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, కానీ విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆగిపోయేలా చేస్తుంది. కాటు పైన తాడుతో గట్టిగా కట్టు కట్టకండి, రక్తం ఆగి ఆ కాలో చెయ్యో దెబ్బతింటుంది. కరిచిన చోటును కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

"నోరు కట్టుకో" అంటే మాట్లాడవద్దు అనా?

కాదు, తిండి విషయంలో అదుపుగా ఉండమని. షుగర్ వచ్చిన మనిషికి ఇంట్లో అందరూ చెప్పే మాట ఇది. మాట్లాడవద్దు అనాలంటే "నోరు మూసుకో". అదే తీరులో "కడుపు కట్టుకొని" అంటే తినీ తినక పిల్లల కోసం పైసలు కూడబెట్టడం. కళ్లను కట్టేసి లేనిది ఉన్నట్టు చూపిస్తే కనికట్టు.

## పుట్టుక గురించి అడిగేవి

ఇది సంస్కృతం నుంచి వచ్చిందా?

లేదు, అచ్చమైన ద్రావిడ మాట. తమిళంలో కట్టు, కన్నడంలో కట్టు, తుళులో కట్టుని, మలయాళంలో కొద్దిగా మారి కెట్టుక. మనకు ఉత్తరాన ఆదిలాబాద్ దిక్కు మాట్లాడే గోండీ, కొలామీ భాషల్లోనూ ఈ ధాతువు ఉంది. 1961లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల మాటల వేర్లన్నీ ఒకచోట పోగుచేసినప్పుడు ఇవన్నీ ఒకే కుదురులో చేరాయి. ఇన్ని అక్కచెల్లెళ్ల భాషల్లో ఉందంటే, ఈ భాషలు విడిపోకముందే మాట ఉందన్నమాట. "మంచి మాటలన్నీ సంస్కృతం నుంచే" అని నమ్మేవాళ్లకు నేను ముందు చూపించేది ఇదే.

భద్రకాళి బండ్ అంటారు కదా. బండ్ అంటే బండరాయా?

కాదు. బండ్ అంటే కట్ట. హిందీలో బాంధ్‌నా అంటే కట్టడం, బాంధ్ అంటే ఆనకట్ట, పారసీలో బంద్. ఆ మాట ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి బండ్ అయింది, హైదరాబాద్ ట్యాంక్ బండ్ అదే, మన భద్రకాళి చెరువు దగ్గర బండ్ కూడా అదే. రెండు వేర్వేరు భాషా కుటుంబాలు, అయినా "తాడు కట్టడం" నుంచి "నీటిని ఆపే కట్ట"కు రెండూ ఒకే దారిలో నడిచాయి. చెరువు కట్ట అని చక్కగా ఉన్న మాటను వదిలి బోర్డు మీద బండ్ అని రాసుకున్నాం అన్న బాధ మాత్రం నాకు ఉంది.

కట్టుదిట్టమైన బందోబస్తు అని పేపర్లో రాస్తారు. ఈ రెండు మాటలకూ సంబంధం ఉందా?

వంశం వేరు, భావం ఒకటే. బందోబస్తు పారసీ మాట, "బంద్ ఓ బస్త్" అంటే కట్టడం, బిగించడం. నిజాం కాలపు ఉర్దూ దఫ్తరాల నుంచి మన నోళ్లలోకి వచ్చింది. మేడారం జాతరకు కట్టుదిట్టమైన బందోబస్తు అని రాస్తే, ఒకసారి తెలుగులో ఒకసారి పారసీలో రెండుసార్లు కట్టినట్టు. తప్పేమీ కాదు, జనం అంతమంది వచ్చేచోట రెండుసార్లు కట్టడమే మంచిది. షాపు బంద్ అన్నా, సంస్కృతంలో బంధువు అన్నా, ఇంగ్లీషులో పుస్తకం బైండింగ్ అన్నా అన్నీ ఆ ఇండో-యూరోపియన్ కుటుంబం మాటలే.

ఫోన్ కట్ అయింది అంటాం. ఆ కట్ మన కట్టేనా?

కాదు, ఆ కట్ ఇంగ్లీషుది, కోయడం, తెంచడం. అర్థంలో రెండూ ఎదురెదురు: ఒకటి తెంచేది, ఒకటి కలిపేది. "కట్టర్ అభిమాని"లోని కట్టర్ కూడా మనది కాదు, ఉర్దూ నుంచి వచ్చింది.

మన కట్టు ఇంగ్లీషులోకి వెళ్లిందా?

వెళ్లింది, అదీ ఎక్కువగా నీళ్లతో పాటే. ఆనకట్టను దక్షిణాదిలో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీర్లు "ఆనికట్" అని రాసుకున్నారు, తమిళంలో అది అణైక్కట్టు. చెరువు కిందో కాలువ కిందో పారే భూమిని ఆయకట్టు అంటాం, నీటిపారుదల శాఖ ఇంగ్లీషు కాగితాల్లో ఇప్పటికీ "ఆయకట్" అనే ఉంటుంది. ఇక కాటమరాన్ అనే పడవ పేరు తమిళ కట్టుమరం నుంచి వెళ్లింది, అంటే దుంగలను పక్కపక్కన పెట్టి కట్టిన తెప్ప.

ఇక్కత్ చీరకూ కట్టుకూ ఏమైనా సంబంధం ఉందా?

మాటకు లేదు, పనికి ఉంది. ఇక్కత్ అనేది మలయ్-ఇండోనేషియా మాట, దానికీ కట్టడం అనే అర్థం. పోచంపల్లిలో నేయకముందే నూలు పోగుల మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, అప్పుడు రంగులో ముంచుతారు. విప్పితే కట్టినచోట తెలుపు, కట్టనిచోట రంగు. మళ్లీ కట్టి మళ్లీ ముంచుతారు. ఆ చీర అందమంతా కట్టులోనే ఉంది. మా కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సంగతి కూడా ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

"నడుం కట్టు" అంటే పనికి సిద్ధం కావడం ఎలా అయింది?

పొలంలో దిగే ముందు కొంగునో కండువానో నడుముకు బిగించి కట్టుకుంటారు, పని చేసే చేతికి అడ్డం రాకుండా. అదే సిద్ధపడటానికి గుర్తు అయింది. సంస్కృతంలోనూ ఇదే జరిగింది: "నహ్" ధాతువుకు కట్టడం అని అర్థం, కవచం బిగించి కట్టుకున్నవాడు సన్నద్ధుడు, ఆ ఏర్పాటు సన్నాహం.

## రాసేటప్పుడు, లోతుగా చదివేటప్పుడు

"కట్టె కొట్టె తెచ్చె" అంటే కట్టెతో కొట్టి తెచ్చాడనా?

కాదు. ఇది ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ కట్టె అంటే పొయ్యిలో పెట్టే కట్టె కాదు, "కట్టెను", అంటే కట్టాడు అని పాత క్రియారూపం. రామాయణం మొత్తం మూడు మాటల్లో: సముద్రం మీద వారధి కట్టె, రావణుణ్ని కొట్టె, సీతను తెచ్చె. ఎవరైనా పెద్ద సంగతిని రెండు ముక్కల్లో తేల్చేస్తే "కట్టె కొట్టె తెచ్చె అని చెప్పిండు" అంటాం. ఈ పాత రూపం బడిలో చెప్పరు, మాటల్లో దొరకదు, సామెతలో మాత్రం చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

పనిగట్టుకొని, మూటగట్టుకొని... ఇక్కడ క పోయి గ ఎందుకు వచ్చింది?

తెలుగులో రెండు మాటలు కలిసినప్పుడు రెండో మాట మొదట ఉన్న క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారుతుంటాయి, దీన్ని గసడదవాదేశం అంటారు. పని + కట్టుకొని = పనిగట్టుకొని. పరీక్షల కోసం బట్టీ పట్టే పేరు అది, కానీ చదువురాని మా నాయనమ్మ కూడా ఒక్కసారి తప్పు పలకలేదు.

ఒడిగట్టాడు అంటే ఎప్పుడూ చెడ్డ పనికేనా?

ఇప్పుడు పేపర్లో "దారుణానికి ఒడిగట్టాడు" అని తప్ప మరోలా కనిపించదు. మూలం మాత్రం చెడ్డది కాదు. ఒడి కట్టుకోవడం అంటే కొంగును మలిచి నడుముకు చెక్కి సంచిలా చేసుకోవడం. పరకాల, నర్సంపేట దిక్కు పత్తి ఏరే ఆడవాళ్లను చూడండి, ఒడి కట్టుకునే చేనులో దిగుతారు. ఒక పనికి పూనుకోవడం అన్నదే ఒడిగట్టడానికి అసలు అర్థం, తర్వాత తగని పనికి పూనుకోవడం దగ్గర మాట ఆగిపోయింది.

అంటగట్టు, కట్టబెట్టు ఒకటేనా?

కాదు. వద్దన్నదాన్ని మెడకు తగిలిస్తే అంటగట్టడం: పుచ్చు వంకాయలు అంటగట్టాడు, చేయని నేరం అంటగట్టారు. ఒకరికి దక్కేలా చేస్తే కట్టబెట్టడం: పదవి కట్టబెట్టారు. అర్హత లేనివాళ్లకు ఇచ్చారన్న నిరసన అందులో తరచుగా ఉంటుంది, కాబట్టి సన్మాన పత్రంలో మాత్రం రాయకండి.

పాట కట్టడం, కట్టుకథ... ఒకటి మెచ్చుకోలు, ఒకటి నింద. ఎందుకు?

రెండింటిలోనూ లేనిదాన్ని కూర్చి నిలపడమే. పాట లేనిచోట నుంచి పుట్టాలి, అది గొప్ప. జరిగింది చెప్పాల్సినచోట లేనిది పుట్టిస్తే అది అబద్ధం. నాట్లేసేటప్పుడు ఒకామె అప్పటికప్పుడు ఒక చరణం అందుకుంటే మిగతావాళ్లు అందుకొని పాట కట్టేస్తారు, రాసే కాగితం ఉండదు. చిందు, ఒగ్గు కళాకారులు గజ్జె కట్టి వేషం కట్టి తెల్లవార్లూ కథ నడిపించడం చూసినవాళ్లకు కట్టు అన్న మాటలో ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది.

కట్టడం, కట్టడి, కట్టుబాటు – ఎప్పుడు ఏది?

కట్టడం అంటే నిర్మాణం: వేయిస్తంభాల గుడి కాకతీయుల కట్టడం. కట్టే పనిని కూడా కట్టడమే అంటాం, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. కట్టడి అంటే హద్దు దాటకుండా ఆపడం, 2020లో రోజూ పేపర్లో చదివాం, కరోనా కట్టడి. కట్టుబాటు అంటే ఊరో కులమో పెట్టుకున్న నియమం. మాటకు కట్టుబడటం మంచిదే, మనుషులను నలిపే కట్టుబాటు మాత్రం మంచిది కాదు, రెండింటికీ వేరు ఒకటే అయినా.

మా బాబు పరీక్షలో "ఇల్లు కట్టుడు కష్టం" అని రాస్తే మార్కులు తీసేశారు. కట్టుడు తప్పా?

తప్పు కాదు, తెలంగాణ రూపం. ఇదే మా అన్న కొడుక్కీ జరిగింది, ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ కాగితం పట్టుకొని వాడు ఏడుస్తూ వచ్చాడు, "బాపూ, మనం మాట్లాడేది తెలుగు కాదా?" అని అడిగాడట వాళ్ల నాన్నను. ఆ బడి పేరు నాకు అనవసరం, ఆ ప్రశ్న మాత్రం మరిచిపోలేను. కోస్తాలోనైనా సీమలోనైనా పెట్టుకునే పళ్లను ఏమంటారు? కట్టుడు పళ్లు. బియ్యం దంపుడు బియ్యం, కుక్క పెంపుడు కుక్క. అన్నిచోట్లా ఆ "ఉడు" ఉంది, అక్కడ తప్పు కానిది ఇక్కడ ఎలా తప్పవుతుంది? మనం దాన్ని పని పేరుగా కూడా వాడతాం, అంతే తేడా. పిల్లలకు నేను చెప్పేది ఇది: పరీక్షలో ప్రామాణిక రూపం అడిగితే "కట్టడం" రాయండి, కథ రాసేటప్పుడు, ఇంట్లో మాట్లాడేటప్పుడు "కట్టుడు", "కట్టిండు", "కట్టాలె" ఏ సంకోచం లేకుండా వాడండి. వరంగల్ కవి కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో పిల్లవాడు ఇంటి మాటకు సిగ్గుపడాల్సిన పని లేదు.

కట్టుకొని, కట్టుకుని – ఏది రాయాలి?

రెండూ సరైనవే. ఒక వ్యాసంలో ఏదో ఒకటే చివరి దాకా వాడండి.